ఐపీకి అడ్డొచ్చిన అశ్వాలు

మెర్కె పట్టణంలో భూగోళశాస్త్రం బోధించే కెంజెగలి మాస్టారు నిరుపేద కావడానికి పడిన శ్రమ, మరొకరెవరైనా ధనవంతుడు కావడానికి పడి ఉంటే, ఈపాటికి బజారు నడిబొడ్డున ఆ మరొకరి విగ్రహం లేచి ఉండేది. పుట్టుపేదలకు ఈ సంగతి బోధపడదు. వారి లేమి వారసత్వంగా వచ్చినది. రుజువులు చూపమని వారినెవరూ నిలదీయరు. మాస్టారిది ప్రభుత్వం పరిశీలించి ఆమోదించవలసిన లేమి. కొత్తగా వచ్చిన చట్టం ప్రకారం, బాకీ తీర్చలేనని ఒప్పుకుని ఐపీ పెట్టిన మనిషి పేరు మీద ఇల్లూ వాకిలీ, బండీ బర్రే ఏవీ ఉండరాదు. ఆరు నెలలపాటు అధికారుల కంప్యూటర్లు ఆ మనిషి శూన్యాన్ని అష్టదిక్కుల నుంచీ తట్టి చూస్తాయి. శూన్యం సిసలైనదని తేలిందా, అప్పులు రద్దు, అమీనా రాకపోకలు బందు. ఏ మూలనైనా ఒక గొర్రెపిల్ల అరిచిందా, అర్జీ చిత్తుకాగితం. మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసెత్తకూడదు.

అప్పు ఎలా పుట్టిందో చెప్పాలంటే విద్యనే తప్పుపట్టాలి. సెల్‌ఫోనులో ఫుట్‌బాల్ ఆటల మీద పందేలు కాసేవాళ్ళు మెర్కెలో గడపకొకరు ఉన్నారు. కాని వాళ్ళు అజ్ఞానం కొద్దీ కాసేవాళ్ళు. మాస్టారు శాస్త్రం ఆధారంగా కాసేవారు. ఐస్‌లాండ్ ఏ తీరంలో ఏ నెలలో ఎటు గాలి వీస్తుందో ఆయనకు తెలుసు. బొలీవియా పీఠభూమి మీద పల్లపు దేశపు జట్టుకు ఎప్పుడు ఊపిరి అందదో తెలుసు. గాలి ఆయన చెప్పినట్టే వీచేది. వాన ఆయన చెప్పిన వేళకే కురిసేది. గోలు మాత్రం అవతలి జట్టు వేసేది. ప్రకృతి ఎన్నడూ ఆయన మాట తప్పలేదు, మనుషులే తప్పారు. ఆ తప్పులకు పరిహారంగా ఆయన మొదట బ్యాంకులోనూ, తరవాత ఫోనులోనే అప్పులిచ్చే కంపెనీలలోనూ, చివరికి తోటి మాస్టర్ల దగ్గరా చేబదుళ్ళు చేశారు. రెండు గదుల ఫ్లాటు వడ్డీల కిందికే పోయింది. భార్య రబిగాతో కలిసి అత్తగారు ఉల్మెకెన్ ఇంట చేరారు. ఇల్లరికపు అల్లుణ్ణి మా వైపు కుక్కపిల్ల అల్లుడంటారు. యాభయ్యో పడిలో పడిన భూగోళశాస్త్ర కోవిదుడికి ఆ బిరుదు కాస్త ఆలస్యంగా దక్కిందని వీధివాళ్ళు జాలిపడ్డారు.

రబిగా శిశువిహారంలో వంటమనిషి. మొగుడి స్మార్ట్‌ఫోను లాక్కుని అమ్మేసి, మీటలు నొక్కే పాతరకం ఫోనొకటి చేతిలో పెట్టింది. అప్పటినుంచీ ఆయన పందెం జోలికి పోలేదు, అది నిజం. ఆమెకు నగలూ నాణ్యాలూ అక్కర్లేదు. గుమ్మం దగ్గర చప్పుడైతే గుండె జారకుండా లేచివెళ్ళి తలుపు తీయగలిగితే చాలు. అదొక్కటే ఆమె కోరిక. అదొక్కటే తీరడం లేదు.

ఎందుకంటే తలుపు తట్టేది తొర్గిన్. ఆమె కోర్టు తీర్పులను అమలు జరిపే ప్రైవేటు అమీనా. ఒకప్పుడు వోల్గా నది ఏ సముద్రంలో కలుస్తుందో చెప్పలేక మాస్టారి చేత అత్తెసరు మార్కులు వేయించుకున్న శిష్యురాలు. ఇప్పుడు మాస్టారి జీతం ఏ సముద్రంలో కలవాలో నిర్ణయించే అధికారిణి. వచ్చినప్పుడల్లా గుమ్మంలో బూట్లు విప్పి, గురువుగారి ఆరోగ్యం కనుక్కుని, పళ్ళెంలో రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకునేది. గడప దాటి లోపలికి వచ్చినవారు రొట్టె రుచి చూడకుండా వెళ్ళకూడదన్నది తాతలనాటి నియమం. దానికి అమీనాలకు మినహాయింపు లేదు. రొట్టె నమిలి, చేతులు దులుపుకుని, అప్పుడు గది నలుమూలలా చూసేది. ఆ చూపు ఎక్కడ ఆగితే అక్కడ ఉల్మెకెన్ ముసలమ్మ గొంతు వినిపించేది.

“టీ కాచే సమోవార్ నాది. తివాచీ నాది. ఆ మూలనున్న టీవీ నా పింఛను డబ్బుతో కొన్నది. అల్లుడు మాత్రం నాది కాదమ్మా, కావాలంటే పట్టుకుపో.”

“మనుషుల్ని జప్తు చెయ్యడం ఎప్పుడో మానేశారు అమ్మమ్మా,” అని తొర్గిన్ వినయంగా విన్నవించుకునేది.

ఐపీ పెట్టుకోమన్న సలహా కూడా ఆమెదే. మాస్టారి దగ్గర ఏమీ లేదని తనకన్నా బాగా సాక్ష్యం చెప్పగలవాళ్ళు ఈ జిల్లాలో లేరనీ, ఇలా ఊరికే వచ్చి రొట్టె తిని పోవడం తనకూ సిగ్గుగానే ఉందనీ అంది. అర్జీ పెట్టారు. నాలుగు నెలలు నిర్విఘ్నంగా గడిచాయి. కంప్యూటర్లు ఎంత తట్టినా మాస్టారిలోంచి డొల్ల చప్పుడే వచ్చింది. రబిగా తొలిసారిగా రాత్రిళ్ళు నిద్రపోసాగింది.

అటువంటి శుభసమయాన మాస్టారి తమ్ముడు తోలింబెక్ కూతురు నాజిమ్‌కు సంబంధం కుదిరింది. అబ్బాయిది మొయింకుమ్ ఇసుకమేటల వైపు గుర్రాల మందలున్న ఇల్లు. తండ్రి పేరు జోరాబెక్. నిశ్చితార్థానికి పిల్లవైపు వాళ్ళంతా తరలి వెళ్ళాలి. వంశంలో పెద్దవాడు గనక కెంజెగలి మాస్టారే పెద్ద వియ్యంకుడి హోదాలో ముందు నడవాలి. ఒంట్లో బాగోలేదని ఆయన తప్పించుకోబోయారు. అన్నయ్య రాకపోతే ఆ పీట మీద మరొకణ్ణి కూర్చోబెట్టలేననీ, అవతలివాళ్ళు పిల్లకు దిక్కూ మొక్కూ లేదనుకుంటారనీ తోలింబెక్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

భయమల్లా మర్యాదల గురించే. పెద్ద వియ్యంకుడికి భుజాల మీద చపాన్ అనే పొడుగు అంగీ కప్పి, గుర్రం ఎక్కించి పంపడం ఆచారం. అయితే ఈ కాలంలో గుర్రం ఎక్కించడమంటే గుర్రం ఖరీదు కవరులో పెట్టి చేతికివ్వడమే. రబిగా బాగా ఆలోచించింది. చపాన్ ఒంటిమీది బట్ట, దాన్నెవరూ జప్తు చెయ్యరు. కవరు గుమ్మంలోనే తను అందుకుంటుంది. ఇలా లెక్క సరిచూసుకుని, ఆయన కాలరు సర్ది, జంతువన్నది తోలుకురావద్దని ఒట్టు వేయించుకుని మరీ పంపింది.

జోరాబెక్ కవరు మనిషి కాడని ఆమెకెవరూ చెప్పలేదు.

విందు ఘనంగా జరిగింది. ఉడికించిన గొర్రెతల పళ్ళెం మాస్టారి ముందుకే వచ్చింది. ఆయన దాని చెవులు కోసి పిన్నలకు పంచి, దీవించి, దేశదేశాల నదుల ఉపమానాలతో ఒక ప్రసంగం చేశారు. ముసలివాళ్ళు తలలూపారు. చాలాకాలం తరవాత తనను అప్పులవాడిగా కాక మనిషిగా చూస్తున్న కళ్ళ మధ్య కూర్చున్నారేమో, ఆయన వెన్ను దానంతటదే నిటారుగా అయింది. అప్పుడు అందరినీ ఆరుబయటికి పిలిచారు. బంగారు జరీ చపాన్ భుజాల మీద పడింది. దాని వెనకాలే ఎర్రగుర్రం ఒకటి నడిచి వచ్చింది, వెండి కళ్ళెంతో సహా.

“కాగితం గుర్రాలు మా గాట్లో ఉండవు బావగారూ,” అన్నాడు జోరాబెక్. “మా మేనల్లుడు పశువుల డాక్టరు. చెవికి ముద్ర, మీ పేరున రిజిస్ట్రేషను, అన్నీ పొద్దున్నే అయిపోయాయి. మీ తమ్ముడుగారు మీ గుర్తింపుకార్డు నంబరు ఇచ్చారు.”

ఐపీ సంగతి తెలియని తోలింబెక్ గర్వంగా నవ్వుతున్నాడు. మాస్టారికి కాళ్ళ కింద భూగోళం ఇరుసు తప్పింది. ఆ క్షణాన ఒక్క నిజం పలికితే సరిపోయేది. కాని నిజం చెబితే నాజిమ్ పెళ్ళి ఏమవుతుంది? ఆయన అతివినయమనే ఆయుధాన్ని ఆశ్రయించారు. ఇంతటి అశ్వరాజం మీద కూర్చునే అర్హత తనవంటి సామాన్య ఉపాధ్యాయుడికి లేదనీ, తమ్ముడు తోలింబెక్‌ను ఎక్కించితే తనను ఎక్కించినట్టేననీ, గొంతు గద్గదం చేసుకుని మనవి చేశారు.

పెద్దలు గుర్రం వైపు తిరిగారు. ఒకాయన వంగి దాని గిట్టలు చూశాడు. మరొకాయన పళ్ళు చూశాడు. ఇచ్చిన గుర్రాన్ని పెద్ద వియ్యంకుడు వద్దనడం మా తరంలో ఎవరూ ఎరగరు. కనక గుర్రంలోనే ఏదో లోపం ఉండి తీరాలి. జోరాబెక్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

“అర్థమైంది బావగారూ. తప్పు నాదే,” అని కొడుకుల వైపు సైగ చేశాడు.

వాళ్ళు వెళ్ళి బూడిదరంగు గుర్రాన్ని తెచ్చారు. అది మందకే మణి. నడిచినప్పుడు పైన కూర్చున్నవాడి చేతిలో గిన్నెడు టీ ఉన్నా తొణకదంటారు. పశువుల డాక్టరు ఫోను తీసి, చెప్పకుండానే మాస్టారి నంబరు మళ్ళీ కొట్టాడు. ఎర్రగుర్రం సంగతి ఏమిటని మాస్టారు నీరసంగా అడిగారు. ఒకసారి ఇచ్చినదాన్ని మళ్ళీ గాటికి కట్టుకునే అలవాటు తమ ఇంట లేదని జోరాబెక్ సెలవిచ్చాడు. అలా కెంజెగలి మాస్టారు, వద్దనడంలోని నేర్పు వల్ల, ఒక గుర్రానికి బదులు రెండింటికి ప్రభువై, లారీలో వాటి పక్కనే నిలబడి మెర్కెకు తిరిగి వచ్చారు.

రబిగా గేటు తీసింది. లారీలోంచి రెండు తోకలు దిగడం చూసింది. దాహంగా ఉన్న జంతువులు, పాపం వాటిదేముంది అనుకుని ముందు బకెట్లతో నీళ్ళు పెట్టింది. తరవాత మొగుడి వైపు తిరిగింది.

“ఒక్క పూట మిమ్మల్ని దరిద్రుడిగా ఉండి రమ్మన్నాను. అది కూడా చేతకాలేదా?”

ఆయన చపాన్ మడతపెడుతూ ఉండిపోయారు.

ఆ వారమంతా ఇంట్లో ఉపాయాల సభ జరిగింది. గుర్రాలను తోలింబెక్ పేరుకు మార్చవచ్చు గదా అని ఒకరన్నారు. ఐపీ నడుస్తుండగా ఆస్తి చేతులు మారిస్తే అది దాపరికం కింద వస్తుందనీ, ఇప్పుడున్నది అప్పు మాత్రమేననీ, అప్పుడు నేరం కూడా ఉంటుందనీ వకీలును అడిగివచ్చిన తోలింబెక్కే చెప్పాడు. రెండింటినీ కోసి చలికాలానికి మాంసం నిలవ వేసుకుంటే కడుపులోని ఆస్తిని ఏ కంప్యూటరు కనిపెడుతుందని ఉల్మెకెన్ ఆలోచన. ఆ ముక్కకు మాస్టారు బెదిరిపోయారు. వియ్యంకుడి మర్యాదను పులుసు పెట్టుకు తిన్నామని తెలిస్తే పెళ్ళి మాట దేవుడెరుగు, ప్రాణాలే దక్కవన్నారు. సభ ఏదీ తేల్చకముందే తొర్గిన్ వచ్చింది.

యథావిధిగా బూట్లు విప్పింది. రొట్టె తుంచింది. నమలడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది.

“మాస్టారూ, మీ ఇంట్లో రాసుకోవడానికి ఇన్నాళ్ళకి నాకేదో దొరికింది,” అంది. “నాకేం సంతోషంగా లేదు.”

“రాసుకోమ్మా. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి,” అన్నారు మాస్టారు.

“ఒక్క రెండు నెలలు ఆగలేకపోయారా?”

“నేను ఆగానమ్మా. మర్యాద ఆగలేదు.”

గుర్రాలు రెండూ జప్తు అయ్యాయి. అర్జీ తిరిగివచ్చింది, అశ్వసంపద గల పౌరుడు దివాలా తీసినట్టు గుర్తించడం వీలుపడదన్నది దాని సారాంశం. రబిగా దాన్ని చదవలేదు. వేరే గదిలో గోడ వైపు తిరిగి పడుకుని, పొద్దున్నే లేచి శిశువిహారానికి వెళ్ళి పిల్లలకు జావ కాచింది. అప్పుల కంపెనీల ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. గేటు చప్పుడైతే ఆమె చేతిలో గరిటె ఆగిపోవడమూ మళ్ళీ మొదలైంది.

వేలం ఇంటర్నెట్టులో జరిగింది. కెంజెగలి మాస్టారి శూన్యం ఎంత నిశ్శబ్దమో వేలం అంత బహిరంగం. జోరాబెక్ తన చేతులతో పెంచిన బూడిదరంగు గుర్రం ఫొటో, తన సొంత ముద్రతో సహా, జిల్లాలోని ప్రతి ఫోనులోనూ ప్రత్యక్షమైంది. ఉల్లిపాయల టోకు వ్యాపారి ఒకడు, జోరాబెక్ మీద పాత కక్ష ఉన్నవాడు, దాన్ని పాడి తన బండికి కడతానని టీ దుకాణంలో అన్నాడట. ఆ మాట ఇసుకమేటలు దాటి వెళ్ళింది. వేలం నాడు జోరాబెక్ కూర్చున్న చోటునుంచి లేవకుండా, గుర్రాల అసలు ఖరీదుకు రెట్టింపు పాడి, తన గుర్రాలను తానే కొన్నాడు. ఆ సొమ్ము నేరుగా మాస్టారి బాకీల్లోకి వెళ్ళి మాయమైంది. కొండను ఎలుక కొరికినట్టయింది. కొండ నిలిచే ఉంది.

ఇక వియ్యంకుడు ఉత్తరమైనా పంపడనీ, సంబంధం తెగినట్టేననీ తోలింబెక్ ఇంట్లో ఏడుపులు. సరిగ్గా అప్పుడే తొలి మంచు మీద చక్రాల ముద్రలు వేసుకుంటూ ఒక లారీ వచ్చి ఉల్మెకెన్ గేటు ముందు ఆగింది. లారీలో రెండు గుర్రాలు. ముందు సీట్లో జోరాబెక్, పక్కన పశువుల డాక్టరు. జోరాబెక్ ఒళ్ళో కొత్త చపాన్.

జరిగినదాంట్లో బావగారి తప్పేమీ లేదనీ, ఏదో కోర్టు గందరగోళంలో తన కానుక పొరపాటున అంగడికెక్కిందనీ, దాన్ని విడిపించి తిరిగి స్వస్థానానికి చేర్చడం తన ధర్మమనీ ఆయన అన్నాడు. డాక్టరు ఫోను తీశాడు. మాస్టారు గేటు దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, బహుశా ఏదో నదితోనే, ప్రసంగం ప్రారంభించబోయారు. రబిగా ఆయన్ను పక్కకు జరిపింది. మగ వియ్యంకుల మాటల మధ్యకు ఆడవాళ్ళు వెళ్ళడం మా వైపు లేదు. ఆ సంగతి ఆమెకు తెలియకా కాదు.

“ఆగండి అన్నయ్యగారూ. ఈయన జూదగాడు,” అంది. “ఉన్నదంతా పందేల్లో పెట్టాడు. పిల్ల సంబంధం చెడుతుందని మీకు చెప్పలేదు. దయచేసి ఈయనకేమీ ఇవ్వకండి.”

మాస్టారు నేల వైపు చూశారు. జోరాబెక్ మాత్రం కదలలేదు.

“తెలుసు చెల్లెమ్మా. మెర్కె బజారులో ఉల్లిపాయలు తూచేవాడికి తెలిసింది నాకు తెలియదా? అందుకే కవరు ఇవ్వలేదు. డబ్బిస్తే ఫోనులోకి పోతుంది. గుర్రం పోదు గదా అనుకున్నాను.”

“గుర్రం పోలేదు అన్నయ్యగారూ. మేం పోయాం.”

అప్పుడామె ఐపీ గురించి, ఆరు నెలల గురించి, తిరిగివచ్చిన అర్జీ గురించి మొదటినుంచీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మనిషికి ఏమీ లేకపోవడమే మేలయ్యే సందర్భం ఒకటుంటుందని ఆయన ఎన్నడూ వినలేదు. టోపీ తీసి, మంచు దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇవ్వడమంటే నాకు తెలుసు. ఇచ్చినదాన్ని తోలుకుపోవడం మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. ఎలా చెయ్యాలో నాకు చేతకాదు,” అన్నాడు చివరికి.

రబిగాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒకడు తీసుకోవడం ఆపలేక ముంచాడు, ఇంకొకడు ఇవ్వడం ఆపలేక ముంచుతున్నాడు, ఇద్దరూ గౌరవనీయులే. మధ్యలో గేటు పట్టుకుని నిలబడింది తను. ఆ ప్రతిష్టంభనను వరండాలో ఉన్ని దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలామె తెంచింది.

“నాకియ్యి,” అంది ఉల్మెకెన్. “ఈ వయసొచ్చింది, నన్ను ఒక్కళ్ళూ గుర్రం ఎక్కించలేదు.”

వాళ్ళంతా ఆమె వైపు చూశారు. ఇంటి పెద్దావిడను సత్కరించకూడదని ఏ ఆచారమూ చెప్పడం లేదు. జోరాబెక్ ముఖం వికసించింది. చపాన్ ముసలామె భుజాల మీదికి వెళ్ళింది. ఆమె గుర్రం ఎక్కలేదు గాని, దాని మెడ తట్టి, బలిసిందని మెచ్చుకుంది. డాక్టరు ఈసారి నంబరు రెండుమార్లు సరిచూసుకుని కొట్టాడు. మాస్టారు మళ్ళీ శుద్ధ శూన్యులయ్యారు.

కాని గడువు ఎవరి కోసమూ ఆగదు, వెనక్కీ రాదు. కొత్త అర్జీకి ఏడాది కాచుకోవాలి. నాజిమ్ పెళ్ళి నిక్షేపంగా జరిగింది. తొర్గిన్ అప్పుడప్పుడు వచ్చి, రొట్టె తిని, గుర్రాలు అమ్మమ్మవేనని రాసుకుని వెళుతోంది. బడినుంచి రాగానే అత్తగారి గుర్రాలకు మేత వెయ్యడం, పేడ ఎత్తడం మాస్టారి విధి అయింది. ఆయన ఫిర్యాదు చెయ్యలేదు. అంతకన్నా విశేషం, ఇష్టంగా చేస్తున్నారు. ఆ ఇష్టం చూసి రబిగా కొన్నాళ్ళు తేలికపడింది కూడా.

శీతాకాలం వెనకబట్టి మంచు కరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆమె పని ముగించుకుని ఇంటికి వస్తోంది. కాలువ గట్టు బురదలో మాస్టారు బూడిదరంగు గుర్రాన్ని తాడు పట్టి గుండ్రంగా నడిపిస్తున్నారు. తల ఒక పక్కకు వంచి, కళ్ళు చికిలించి, దాని గిట్టల వైపే చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. ఆ చూపు ఆమెకు తెలుసు. ఐస్‌లాండ్ గాలిని చూసిన చూపు అది. దగ్గరికి వెళ్ళి ఏం చూస్తున్నారని అడిగింది.

“ఏం లేదు. నేల తడిగా ఉంది గదా,” అన్నారు ఆయన, ఆమె వైపు చూడకుండానే. “తడి నేల మీద ఎర్రదాని అడుగు జారుతోంది. దీనిది జారడం లేదు. నౌరూజ్ పండగ నాటికి దక్షిణపు గాలి తిరుగుతుంది, మైదానం ఇలాగే ఉంటుంది. పండగ గుర్రప్పందెంలో ఎవరైనా దీని మీద గనక…”

అక్కడితో ఆగిపోయారు.

రబిగా ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విప్పి తాడు తన చేతిలోకి తీసుకుంది. బురదలో కాళ్ళీడ్చుకుంటూ గుర్రాన్ని ఇంటికి తోలుకువచ్చి, దీన్ని పండగలోపే అమ్మెయ్యమని తల్లిని అడిగింది. ముసలామె చపాన్ అంచు సవరించుకుంటూ, మర్యాదగా ఇచ్చినదాన్ని అమ్ముకునేంత నీచం తమ ఇంట్లో ఇంకా రాలేదంది. కూతురు బతిమాలింది, తిట్టింది, గిన్నెలు మోగించింది. గుర్రం యజమానురాలు చలించలేదు.

ఆనాటినుంచి శిశువిహారానికి వెళ్ళేముందు నీళ్ళు పెట్టేదీ, వచ్చాక కాలువ గట్టున తిప్పేదీ రబిగాయే. ఎర్రగుర్రాన్ని మాత్రం ఆయనకే వదిలింది. దాని అడుగు జారుతుందని ఆయనే చెప్పారు కదా.